శివారుకి చేరే కరెంటు



ఏలూరులో బస్సెక్కి రాత్రిపూట కైకలూరు వైపు ఎప్పుడైనా వెళ్లారా? ఊళ్ల దీపాలు వెనకపడ్డాక రోడ్డుకి రెండు పక్కలా చీకటి. ఆ చీకట్లో చెరువులు. గట్ల మీద అక్కడొక బల్బు, ఇక్కడొక బల్బు. కిటికీ తీసి ఉంటే ఒక చప్పుడు వినబడుతుంది. ఎవరో ఆపకుండా అరచేతులతో నీటిని కొడుతున్నట్టుంటుంది. అవి ఏరేటర్లు. రొయ్యకీ చేపకీ ఊపిరి అందించే చక్రాలు.

పగలు ఎండ ఉన్నంతసేపూ నీళ్లలోని నాచు ప్రాణవాయువు తయారుచేస్తుంది. పొద్దు గూకితే ఆ పని ఆగిపోతుంది. ఇక రాత్రంతా పీల్చుకునేవాళ్లే గానీ ఇచ్చేవాళ్లుండరు. నాచు కూడా పీల్చుకుంటుంది. తెల్లవారుజాముకి చెరువులో ప్రాణవాయువు బాగా అడుగంటుతుంది. సరిగ్గా ఆ వేళ చక్రం ఆగిందంటే, తెల్లారేసరికి సరుకంతా నీటి మీద తేలుతుంది. నెలల కష్టం, అప్పు తెచ్చిన మేత, అన్నీ ఒక్క రాత్రిలో పోతాయి.

చక్రాన్ని తిప్పేది మోటారు. మోటారుకి కావలసింది కరెంటు. ఆ కరెంటుని గట్టు వెంట మోసుకొచ్చేది తీగ. మోటారు గురించి మనవాళ్లు గంటలు గంటలు మాట్లాడతారు. ఏ కంపెనీ, ఎన్ని హార్స్‌పవర్లు, గ్యారంటీ ఎంత అని. తీగ గురించి మాత్రం, ‘షాపులో ఏదుంటే అది తే’ అంటారు. ఇవాళ నేను చెప్పబోయేది ఆ తీగ గురించే. దాని లావు గురించి.

ముందు మా బావ సంగతి చెబుతాను. మండవల్లి పక్కన ఆయన చెరువు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర బోర్డు ఉంది. అక్కణ్ణించి మోటారు ఉన్న మూలకి గట్టు వెంట 200 మీటర్లు. సింగిల్ ఫేజు మీద నడిచే 2 హార్స్‌పవర్ల మోటారు. ఒకే పంటలో ఆ మోటారు రెండుసార్లు కాలింది. రెండుసార్లూ వైండింగు కట్టించాడు. మూడోసారి కొత్త మోటారే కొన్నాడు. అదీ కాగిపోతోంది. చెయ్యి పెట్టలేనంత వేడి.

‘ఒరేయ్, నువ్వు కరెంటు చదువు చదివావు కదా, ఒకసారి వచ్చి చూడరా’ అన్నాడు. వెళ్లాను. మీటరు పెట్టి బోర్డు దగ్గర చూస్తే 225 వోల్టులు ఉంది. బాగానే ఉంది. గట్టు వెంట నడుచుకుంటూ పోయి, మోటారు నడుస్తుండగా దాని దగ్గర చూశాను. 175. గట్టు ఈ చివర 225, ఆ చివర 175. మధ్యలో 50 వోల్టులు ఏమయ్యాయి?

‘దొంగ కనెక్షన్ ఎవరైనా పెట్టారంటావా?’ అన్నాడు బావ.

దొంగ లేడు. ఆ 50 వోల్టులనీ తీగే తినేసింది. అది రెండున్నర ఎంఎం అల్యూమినియం తీగ. అంత దూరానికి, ఆ మోటారుకి, ఆ తీగ చాలదు.

ఇది అర్థం కావాలంటే మనకి కాలవ చాలు. మనది కాలవల దేశం. కృష్ణ కాలవా గోదావరి కాలవా వచ్చి కలిసే ఊరు ఏలూరు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన 1852 నుంచీ మన తాతముత్తాతలు కాలవ లెక్కలతోనే బతికారు. శివారు చేను అంటే ఏమిటో ఈ ప్రాంతంలో పిల్లాడికి కూడా తెలుసు. తూము పక్కన ఉన్న చేనుకి నీళ్లు దూకుతూ వస్తాయి. బోదె ఇరుకుగా ఉండి, పొడుగ్గా ఉంటే, శివారు చేనుకి వచ్చేసరికి ఆ దూకుడు ఉండదు. పారీ పారనట్టు వస్తాయి. శివారు రైతుకి నీళ్లందాలంటే బోదె వెడల్పు చెయ్యాలి.

తీగ కూడా బోదే. లావు తీగ అంటే వెడల్పు బోదె. సన్న తీగ అంటే ఇరుకు బోదె. ఒక్క తేడా ఉంది. బోదెలో నీరు ఇంకిపోతుంది, తీగలో కరెంటు ఇంకదు. బయల్దేరిన ఆంపియర్లన్నీ చివరిదాకా వస్తాయి. తగ్గేది తోసే బలం. ఆ తోసే బలాన్నే వోల్టేజి అంటాం. దారిలో తగ్గిన బలం ఎక్కడికీ పోదు, తీగలో వేడిగా మారుతుంది.

కాబట్టి తీగ కొనబోయేముందు వేసుకోవలసిన ప్రశ్నలు రెండే. ఎంత కరెంటు మోయాలి? ఎంత దూరం మోయాలి? మళ్లీ అంటున్నాను. ఎంత కరెంటు, ఎంత దూరం. మనవాళ్లలో మొదటి ప్రశ్న వేసేవాళ్లే తక్కువ. రెండోది వేసేవాళ్లు ఇంకా తక్కువ. చెరువు గట్ల మీద కొంప ముంచేది రెండోదే.

మరి బలం తగ్గితే మోటారు మెల్లగా తిరగాలి గానీ, కాలిపోవడమేమిటి? బావ అడిగిన ప్రశ్న ఇదే. మంచి ప్రశ్న. చక్రం మీద నీటి బరువు తగ్గలేదు కదండీ. తోసే బలం తగ్గింది. అదే పని చెయ్యడానికి మోటారు మరింత కరెంటు గుంజుతుంది. ఎక్కువ కరెంటు గుంజితే తీగలో ఇంకా బలం పోతుంది, లోపలి రాగి చుట్లు ఇంకా కాగుతాయి. అలా కాగి కాగి ఒక రాత్రి వైండింగు నల్లబడి కంపు కొడుతుంది. మోటారు మొదలయ్యే క్షణంలోనైతే ఇంకా కష్టం. నడిచేటప్పటి కంటే అయిదారు రెట్లు కరెంటు అడుగుతుంది. సన్న తీగ అంత ఇవ్వలేదు. మోటారు తిరగకుండా మూలుగుతుంది. ఆ మూలుగు మీలో చాలామంది వినే ఉంటారు. అది చాలాసార్లు మోటారు జబ్బు కాదు, తీగ జబ్బు.

వేడి సంగతి ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. మాంచెస్టర్ దగ్గర బీరు తయారుచేసే కుటుంబంలో పుట్టిన జూల్ అనే ఆయన 1841లోనే ఈ లెక్క తేల్చాడు. తీగలో కరెంటు రెండింతలైతే వేడి రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. కరెంటు మూడింతలైతే వేడి తొమ్మిదింతలు. అందుకే, ‘ఇంకో చిన్న మోటారే కదా, అదే తీగకి తగిలించెయ్’ అంటే కుదరదు. చిన్న మోటారు చేర్చినా వేడి చిన్నగా పెరగదు.

ఇక లావు దగ్గరికి వద్దాం. తాడేపల్లిగూడెంలో కరెంటు సామాన్ల షాపుకి వెళ్లి కాసేపు నిలబడండి. పాతకాలం మేస్త్రీ ఒకాయన వచ్చి, ‘సెవెన్ ట్వంటీ ఒక చుట్ట ఇవ్వండి’ అంటాడు. కుర్ర ఎలక్ట్రీషియన్ వచ్చి, ‘నాలుగు ఎంఎం ఇవ్వన్నా’ అంటాడు. ఇద్దరూ అడిగింది దాదాపు ఒకటే సరుకు. సెవెన్ ట్వంటీ అంటే 20 నంబరు గేజి పోగులు ఏడు కలిపి పేనిన తీగ. ఇవాళ్టి 4 వైరుకి దగ్గర, నిజానికి కాస్త ఎక్కువే. త్రీ ట్వంటీటూ అంటే 22 నంబరు పోగులు మూడు. అది ఇవాళ్టి ఒకటికీ ఒకటిన్నరకీ మధ్యలో ఉంటుంది. ఈ గేజి లెక్కలో ఒక తిరకాసు ఉంది. నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నబడుతుంది. 22 నంబరు పోగు కంటే 20 నంబరుది లావు. కొత్తవాళ్లు ఇక్కడ పొరబడతారు.

ఇవాళ్టి లెక్కలో రెండున్నర, నాలుగు అని మనం అనేది తీగ మందం కాదు. రెండున్నర ఎంఎం వైరంటే రెండున్నర మిల్లీమీటర్ల మందమనుకుంటారు చాలామంది. కాదండీ. తీగని అడ్డంగా కోస్తే కనబడే రాగి ముఖం ఎంత ఉందో, ఆ వైశాల్యం. రెండున్నర చదరపు మిల్లీమీటర్లు. పైన ఉన్న ప్లాస్టిక్ తొడుగు ఇందులోకి రాదు. లోపలి లోహమే లెక్క. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. తొడుగు లావుగా కనబడిందని తీగ లావు కాదు.

బజార్లో కొన్ని నాసిరకం తీగలు ఈ తొడుగుతోనే మోసం చేస్తాయి. పైన లావుపాటి ప్లాస్టిక్, లోపల పల్చటి రాగి. దీన్ని పట్టుకోవడానికి మీటరు అక్కర్లేదు, తూకం చాలు. ఇంటి వైరు చుట్ట మామూలుగా 90 మీటర్లు వస్తుంది. రెండున్నర వైరు చుట్టలో రాగి ఒక్కటే సుమారు 2 కిలోలు ఉండాలి. దాని మీద ప్లాస్టిక్ బరువు అదనం. అంటే చుట్ట మొత్తం రెండు కిలోలకి బాగా పైన తూగాలి. షాపులో తక్కెడ మీద పెట్టించి చూడండి. మొత్తం కలిపినా రెండు కిలోలు తూగకపోతే, అందులో రావలసిన రాగి రాలేదన్నమాట. ఒకటిన్నర వైరైతే రాగి ఒక కిలో రెండు వందల గ్రాములకి అటూఇటూ. తీగ పొడుగునా ఐఎస్ఐ గుర్తు, సైజు అచ్చు వేసి ఉందో లేదో కూడా చూడండి. కూరగాయలు తూకం వేయించి కొనే మనం తీగని తూకం వేయించకపోవడం ఏమిటి?

ఏ తీగ ఎంత మోస్తుంది అనేదానికి పెద్ద పట్టీలున్నాయి. రేడియోలో పట్టీ చదివితే ఎవరికీ గుర్తుండదు. మూడు అంకెలు చెబుతాను. గోడలో పైపు గుండా పోయే రాగి తీగ అనుకోండి. ఒకటిన్నర వైరు సుమారు 13 ఆంపియర్లు, రెండున్నర సుమారు 18, నాలుగు సుమారు 24. మళ్లీ చెబుతున్నాను. ఒకటిన్నరకి 13. రెండున్నరకి 18. నాలుగుకి 24. గాలి తగిలేలా బయట వేసిన తీగ ఇంకాస్త ఎక్కువ మోస్తుంది. ఒకే పైపులో నాలుగైదు తీగలు కుక్కితే తక్కువ మోస్తుంది, ఒకదాని వేడి ఇంకోదానికి తగులుతుంది కాబట్టి. మామూలు తొడుగు 70 డిగ్రీల వరకే తట్టుకుంటుంది. రోహిణి కార్తెలో మన ఏలూరు గోడలు పగలంతా ఎండకి కాగుతాయి. తీగ తన వేడి మొదలెట్టకముందే గోడ సగం దారి తీసుకుపోతుంది. కాబట్టి అంకె చివరిదాకా బరువు పెట్టకండి, కొంత వెసులుబాటు ఉంచండి.

అల్యూమినియం మాట. అది చవక, తేలిక. కానీ కరెంటుని రాగి అంత బాగా పారనివ్వదు. రాగి తీగ చేసే పని అల్యూమినియం చెయ్యాలంటే లావు సుమారు ఒకటిన్నర రెట్లకి పైన ఉండాలి. రాగి రెండున్నర సరిపోయే చోట అల్యూమినియం నాలుగు పెట్టాలి. మా బావ పెట్టిన రెండున్నర అల్యూమినియం, రాగిలో చెప్పాలంటే ఒకటిన్నర తీగే.

మన ఇంట్లో ఏ సామాను ఎన్ని ఆంపియర్లు తీసుకుంటుందో తెలుసుకోవడం సులువు. దాని మీద వాట్లు రాసి ఉంటాయి. ఆ వాట్లని 230తో భాగించండి. 2,000 వాట్ల గీజరు అయితే సుమారు 9 ఆంపియర్లు. 1,000 వాట్ల ఇస్త్రీపెట్టె నాలుగుకి కొంచెం పైన. మోటారుకి, ఏసీకి ఇంకొంచెం కలుపుకోవాలి. ఏలూరు పాత పేటల్లో చెక్క రీపుల మీద వైరింగు చేసిన ఇళ్లు ఇంకా ఉన్నాయి. రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఒక రేడియో కోసం వేసిన తీగలవి. తర్వాత కొడుక్కి ఉద్యోగం వచ్చి ఏసీ పెట్టించాడు, కోడలు గీజరు పెట్టించింది, పైన ఇండక్షన్ పొయ్యి వచ్చింది. గోడలోని తీగ మాత్రం ఆ రెండు బల్బుల నాటిదే. పేపర్లో ‘షార్ట్ సర్క్యూట్’ అని ఒక్క మాటలో రాసే మంటల వెనక ఇలాంటి సన్న తీగ ఏళ్ల తరబడి వేగిన కథ చాలాసార్లు ఉంటుంది. ఏసీకి, గీజరుకి బోర్డు నుంచి విడిగా తీగ లాగించండి. పాత ప్లగ్గుకి తగిలించకండి.

ఇక్కడే ఎంసీబీ సంగతి. మీటరు బోర్డులో కిందకి పడిపోయే ఆ చిన్న మీట. అది ఏసీని కాపాడటానికి ఉందనుకుంటారు. అది కాపాడేది తీగని. తీగ మొయ్యగలిగినదానికంటే ఎక్కువ కరెంటు పోతే తెంపేస్తుంది. ఒకటిన్నర తీగకి 10 ఆంపియర్ల మీట, రెండున్నరకి 16. అది మాటిమాటికీ పడిపోతోందని 32 ఆంపియర్లది పెట్టించేవాళ్లున్నారు. వెనకటికి ఫ్యూజులో రాగి పోగులు నాలుగు మెలిపెట్టి కట్టినట్టే ఇది. మీట పడటం ఆగుతుంది, నిజమే. ఆ తర్వాత కాలేది తీగ. దయచేసి అలా చెయ్యకండి. మీట పడుతోందంటే తీగ మీద బరువు ఎక్కువైందని చెబుతోంది. బరువు తగ్గించండి, లేదా తీగ మార్చండి.

పెళ్లిళ్లలో, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర లాంటి చోట్ల తాత్కాలికంగా తీగలు లాగుతారు. చుట్టగా ఉన్న తీగని కొంచెమే విప్పి, మిగతాది చుట్టలాగే వదిలేసి దాని మీద పెద్ద లైట్లు వేస్తారు. చుట్ట మధ్యలో వేడికి దారి ఉండదు, తొడుగు కరిగిపోతుంది. మొత్తం విప్పి పరవాలి.

దూరం విషయానికి మళ్లీ వస్తాను, ఎందుకంటే మన ప్రాంతపు అసలు బాధ అదే. చెరువు గట్లే కాదు, ద్వారకా తిరుమల, చింతలపూడి వైపు మెట్టలో బోర్లకీ ఇదే. అక్కడ గట్టు వెంట పోయే దూరం భూమిలోకి దిగుతుంది. సబ్‌మెర్సిబుల్ మోటారు ఎంత లోతులో ఉంటే కేబులు అంత లావుండాలి. దారిలో నూటికి ఐదు వోల్టులకి మించి పోగొట్టుకోకూడదని ఒక కొలత. 230లో పదకొండు, పన్నెండు. మా బావ 50 పోగొట్టుకుంటున్నాడు.

కరెంటు సంస్థలు ఈ దూరాన్ని ఎలా జయించాయో చూడండి. ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో పుట్టిన కరెంటు లక్షల వోల్టుల మీద ఊళ్లు దాటుతుంది. వోల్టులు పెంచితే అదే శక్తిని మొయ్యడానికి ఆంపియర్లు తక్కువ చాలు. ఆంపియర్లు తగ్గితే వేడి తగ్గుతుంది. మన ఊరి స్తంభాల మీద 11,000 వోల్టుల తీగ అంత సన్నగా ఉన్నా అన్ని ఊళ్లకి అందిస్తున్నది అందుకే. ట్రాన్స్‌ఫార్మర్ దాటాక వోల్టులు తగ్గుతాయి, ఆంపియర్లు పెరుగుతాయి, అక్కణ్ణించి మన కష్టం మొదలు. కాబట్టి వీలున్న చోట ట్రాన్స్‌ఫార్మర్‌నే చెరువులకి దగ్గరగా పెట్టించుకోవడం మేలు. నలుగురు రైతులు కలిసి అడిగితే పనులు కదులుతాయి.

బావతో లెక్క వేశాం. రాత్రికి పది గంటలు మోటారు నడిస్తే, తీగని వేడి చెయ్యడానికే అయిదు యూనిట్లు పోతున్నాయి. ఒక పంట మొత్తానికి ఐదారు వందల యూనిట్లు. పైన రెండు వైండింగులు, ఒక కొత్త మోటారు. 1881లో విలియం థామ్సన్, తర్వాత లార్డ్ కెల్విన్ అయ్యాడు, ఇదే లెక్క చెప్పాడు. తీగ లావు పెంచడానికి పెట్టే డబ్బు ఒక పక్క, సన్న తీగలో ఏటేటా కాలిపోయే కరెంటు డబ్బు ఇంకో పక్క పెట్టి తూచమన్నాడు. తూచాం. లావు తీగే చవక.

గట్టు వెంట 16 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం కేబులు వేశాం. చివర గట్టు మీద చిన్న ప్యానెల్, అక్కణ్ణించి మోటారుకి నాలుగైదు మీటర్ల రాగి తీగ. అల్యూమినియం, రాగి కలిసే చోట చేత్తో మెలిపెట్టి టేపు చుట్టలేదు. మన ఉప్పుగాలికి, తేమకి అలాంటి అతుకు చిలుముపట్టి, ఆ ఒక్క చోటే నిప్పులా కాగుతుంది. సరైన లగ్గులు నొక్కించి బిగించాం. నీళ్ల దగ్గర పని కాబట్టి, ఎర్తు సరిగ్గా వేసి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ కూడా పెట్టించాం. తీగ ఎంత లావున్నా షాకు నుంచి మనిషిని కాపాడదు, కాపాడేది ఇదే. గట్టు మీద కర్రలకి వేలాడేసిన తీగ తెగి నీళ్లలో పడితే ఏమవుతుందో ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఎర్తు, ఆర్‌సీసీబీల ఖర్చు దగ్గర మాత్రం బేరం ఆడకండి.

స్విచ్చి వేశాక మళ్లీ మీటరు పెట్టాను. మోటారు దగ్గర 217. ఎనిమిది వోల్టులే పోయాయి. చక్రం మూలగకుండా ఒక్క విసురున తిరిగింది. బావ మోటారు మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు.

‘మరి ఈ పాత తీగ పారెయ్యమంటావా?’ అన్నాడు.

వద్దన్నాను. తెగినచోట్లు, తొడుగు కాలినచోట్లు కోసి పారేసి, బాగున్న ముక్క ఒకటి మకాంలోకి లాగించాం. ఒక బల్బు, ఒక ఫ్యాను. మొన్న వెళ్లినప్పుడు పట్టుకుని చూశాను. చల్లగా ఉంది.